మా ఇంటి విలువ ఎవరు కట్టారు? – పురపాలక, రిజిస్ట్రేషన్ శాఖలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ ముఖ్య కార్యదర్శి గారికి, స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖ కమిషనర్, ఇన్‌స్పెక్టర్ జనరల్ గారికి, జిల్లాల్లోని మార్కెట్ విలువల సవరణ కమిటీల అధ్యక్షులకు, సభ్యులకు నమస్కారములు.

అయ్యా, అమ్మా,

ఇంటి పన్ను తగ్గించమని కోరడానికి ఈ లేఖ రాయడం లేదు. వీధి దీపం వెలగాలన్నా, కాలువలో పూడిక తీయాలన్నా, వేసవిలో కుళాయికి నీళ్లు రావాలన్నా మున్సిపాలిటీకి తనదంటూ ఒక రాబడి ఉండాలనీ, ఏటా గాంధీబొమ్మ సెంటరు నుంచి సచివాలయం దాకా నిధుల కోసం చేతులు చాచే మున్సిపాలిటీ ఎవరికీ జవాబుదారీగా ఉండలేదనీ నమ్మేవారిలో నేనూ ఒకడిని. నేను అడగదలచుకున్నది అంతకు ముందు మెట్టు గురించి. పన్ను లెక్క కట్టడానికి ముందు మా ఇంటికి ఒక విలువ కడుతున్నారు. ఆ విలువ ఎవరు కట్టారు, ఏ రోజు కట్టారు, దేనికోసం కట్టారు, అది తప్పని మాకు తోస్తే ఎవరి ముందు చెప్పుకోవాలి అన్న నాలుగు ప్రశ్నలకు మా చేతికి వచ్చే డిమాండ్ నోటీసులో సమాధానం లేదు. మున్సిపల్ కార్యాలయంలో అడిగితే విలువ రిజిస్ట్రేషన్ శాఖదంటారు. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో అడిగితే ఇంటి పన్నుతో తమకు సంబంధం లేదంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే కావడం వల్లనే ఈ లేఖను ఇద్దరికీ కలిపి రాయవలసి వచ్చింది.

పాత పద్ధతి మీద నాకు మమకారం లేదు. వార్షిక అద్దె విలువ ఆధారంగా పన్ను వేసిన రోజుల్లో పట్టణాన్ని జోన్లుగా విడగొట్టి, ఇల్లు ఆర్‌సీసీ శ్లాబా, మద్రాసు మిద్దెయా, పెంకుటిల్లా, రేకులా అని తరగతులు చేసి, చదరపు అడుగుకు నెలకు ఇంత అద్దె వస్తుందని ఒక అంచనా రాసేవారు. ఇంటి వయసును బట్టి తరుగు తీసేవారు. సొంత ఇంట్లో తానే నివసించేవారికి కొంత మినహాయింపు ఉండేది. ఊహ బాగానే ఉంది గాని అద్దెల పట్టికను ఎవరూ సవరించలేదు. నివాస గృహాలకు 2002 తర్వాత, నివాసేతర భవనాలకు 2007 తర్వాత సార్వత్రిక సవరణ జరగలేదు. దాంతో పాత పేటలోని మేడ ఒక కాలపు అద్దె మీద, కొత్త కాలనీలోని డాబా మరొక కాలపు అద్దె మీద పన్ను కడుతూ వచ్చాయి. బిల్లు కలెక్టరు దయాదాక్షిణ్యాల మీద ప్లింత్ ఏరియా, అంటే రికార్డులో రాసే కట్టడం విస్తీర్ణం, పెరగడం, తగ్గడం మన పట్టణాల్లో ఎవరికీ కొత్త సంగతి కాదు. కనుక మార్పు అవసరం లేదని ఎవరైనా అంటే ఆ మాటతో నేను ఏకీభవించను.

అయితే మార్పు వచ్చిన తీరును ఒకసారి గుర్తు చేసుకోవాలి. కరోనా తొలి ఏడాది, 2020 మే నెలలో, రాష్ట్రాలు తమ స్థూల ఉత్పత్తిలో మరో 2 శాతం మేరకు అదనంగా అప్పు తెచ్చుకోవడానికి కేంద్రం అనుమతి ఇచ్చింది. అందులో 0.25 శాతాన్ని పట్టణ స్థానిక సంస్థల సంస్కరణలతో ముడిపెట్టింది. ఆస్తి పన్ను కనీస రేట్లను భూముల క్రయవిక్రయాలకు ప్రభుత్వం నిర్దేశించే మార్గదర్శక విలువలకు అనుగుణంగా ప్రకటించాలన్నది ఆ సంస్కరణల్లో ముఖ్యమైన షరతు. ఆ షరతుకు అనుగుణంగా 2020 నవంబరు 24న రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వు, జీవో 198, వెలువడింది. 2021 ఏప్రిల్ 1 నుంచి, అద్దె అంచనాకు బదులు స్థలం, కట్టడాల విలువ మీద వేసే మూలధన విలువ ఆధారిత పన్ను అమలులోకి వచ్చింది. ఈ సంస్కరణలను దేశంలో ముందుగా పూర్తి చేసిన రాష్ట్రాలు మధ్యప్రదేశ్, మనమే. అందుకు ప్రతిఫలంగా మనకు దక్కింది రూ. 2,525 కోట్ల అదనపు అప్పుకు అనుమతి. గ్రాంటు కాదు, అప్పు. పైగా ఆ జీవో వచ్చిన నాటికి రాష్ట్రంలోని మున్సిపాలిటీల్లో ఎన్నికైన పాలకవర్గాలు లేవు, ప్రత్యేకాధికారుల పాలన నడుస్తున్నది. పురపాలక ఎన్నికలు జరిగింది 2021 మార్చి 10న. ప్రజలకు ఇంతగా తగిలే ఒక పన్ను పద్ధతి మారుతున్నప్పుడు దాన్ని చర్చించవలసిన కౌన్సిల్ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. విశాఖపట్నంలో, విజయవాడలో పన్ను చెల్లింపుదారుల సంఘాలు రోడ్డెక్కడానికి పన్ను భారం ఎంత కారణమో, ఎవరితోనూ మాట్లాడకుండా జరిగిపోయిందన్న బాధ కూడా అంతే కారణం.

కొత్త లెక్క చూడటానికి సులువైనదే. స్థలానికి రిజిస్ట్రేషన్ శాఖ నిర్దేశించిన గజం ధర, కట్టడానికి అదే శాఖ నిర్దేశించిన చదరపు అడుగు ధర తీసుకుని, ఇంటి వయసును బట్టి తరుగు పోగా వచ్చిన మొత్తమే మూలధన విలువ. దానిపై నివాస గృహాలకు 0.10 నుంచి 0.50 శాతం వరకు, నివాసేతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం వరకు ఉన్న పరిధిలో కౌన్సిల్ ఒక రేటు నిర్ణయించాలి. సొంతదారు నివసించే 375 చదరపు అడుగుల లోపు ఇంటికి ఏడాదికి రూ. 50 మాత్రమే. అంతకు ముందు ఏడాది పన్ను మీద పెరుగుదల 15 శాతం మించకూడదు. పేదవారి చిన్న ఇంటిని విడిగా చూసినందుకు, ఒక్కసారిగా భారం పడకుండా పరిమితి పెట్టినందుకు ఆ నిబంధనలు రాసినవారిని అభినందించాలి.

చిక్కు ఎక్కడుందంటే, ఈ లెక్క మొత్తానికి పునాదిగా పెట్టిన గజం ధర ఈ పని కోసం పుట్టింది కాదు. దస్తావేజులో అసలు ధర దాచి తక్కువ ధర రాసి స్టాంపు సుంకం ఎగ్గొట్టేవారిని కట్టడి చేయడానికి, భారత స్టాంపుల చట్టంలోని 47-ఏ సెక్షను వెన్నుదన్నుగా, 1998 నాటి మార్కెట్ విలువల సవరణ నిబంధనల ప్రకారం తయారవుతున్న పట్టిక అది. ఆస్తి చేతులు మారే రోజున మాత్రమే ఆ పట్టికకు పని. ఆ రోజు అమ్మేవారి చేతిలో డబ్బు పడుతుంది, కొనేవారు డబ్బు సిద్ధం చేసుకునే వస్తారు. స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం కట్టి ఇంటికి వెళతారు, మళ్లీ అమ్మేదాకా ఆ పట్టిక జోలికి పోరు. పట్టికలో గజానికి రెండు వేలు ఎక్కువ పడినా జీవితంలో ఒకసారి భరించే సంగతి. అదే పట్టికను ఇంటి పన్నుకు పునాది చేస్తే ఆ రెండు వేల తప్పు ఏటా బిల్లులో తిరిగి వస్తుంది. అమ్మే ఉద్దేశం లేని, అమ్మినా మరో చోట తల దాచుకోవడానికి అంతే ఖర్చయ్యే మనిషికి గజం ధర పెరగడం వల్ల చేతికి వచ్చేది ఏమీ లేదు.

పైగా ఆ పట్టిక తయారయ్యే గదిలో ఇంటి పన్ను కట్టే మనిషి లేడు. జాయింట్ కలెక్టర్ అధ్యక్షతన, సబ్ రిజిస్ట్రార్ కన్వీనర్‌గా అధికారులతో కూర్చునే కమిటీ చూసేది ఇటీవల జరిగిన రిజిస్ట్రేషన్లను, అక్కడి అభివృద్ధిని, ప్రభుత్వం ఆశిస్తున్న రాబడిని. ప్రతిపాదిత విలువలను బయటపెట్టి అభ్యంతరాలు కోరడం ఆనవాయితీగా జరుగుతున్నదే. కాని ఆ కాగితాలను శ్రద్ధగా చదివేది స్థిరాస్తి వ్యాపారులు, దస్తావేజు లేఖరులు. వార్డులో ఉంటున్న గృహస్థుకు ఆ పట్టిక తన ఇంటి పన్నును నిర్ణయిస్తుందన్న సంగతే తెలియదు. తెలియనివాడు అభ్యంతరం చెప్పలేదని, అందరూ ఒప్పుకున్నారని రికార్డు చేయడం న్యాయం అనిపించుకోదు. 2025 ఫిబ్రవరి 1న రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ విలువలు సవరించినప్పుడు పత్రికల్లో, టీవీల్లో జరిగిన చర్చంతా సుంకం ఎంత పెరుగుతుందన్న దాని మీద, ముందు రోజుల్లో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల దగ్గర కనిపించిన రద్దీ మీద జరిగింది. ఈ సవరణ ఇంటి పన్ను లెక్కను ఎక్కడ తాకుతుందో మా వీధిలో ఎవరికీ తెలియలేదు. నాకైతే కౌన్సిలరు కూడా చెప్పలేకపోయారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పద్ధతి మారడం వల్ల పన్ను ఎంత పెరిగిందన్నది ఒక సంగతి. ఎవరి మీదికి జరిగిందన్నది అంతకంటే పెద్ద సంగతి. అద్దె విలువ పద్ధతి కట్టడాన్ని ఎక్కువగా చూసేది, మూలధన విలువ పద్ధతి స్థలాన్ని ఎక్కువగా చూస్తుంది. ఒక ఉదాహరణ వేసి చూపుతాను. ఇందులోని అంకెలు లెక్క కోసం నేను అనుకున్నవి మాత్రమే. ఒకే వీధిలో గజం ధర రూ. 30,000 అనుకుందాం. అక్కడ 200 గజాల స్థలంలో తాత కట్టిన 600 చదరపు అడుగుల పెంకుటిల్లు ఉంది. స్థలం విలువ 60 లక్షలు, తరుగు పోగా ఇంటి విలువ 3 లక్షలు, వెరసి 63 లక్షలు. పక్కనే ఉన్న అపార్ట్‌మెంటులో 1,200 చదరపు అడుగుల ఫ్లాటు ఉంది. దానికి అవిభాజ్య వాటాగా వచ్చిన స్థలం 40 గజాలు, అంటే 12 లక్షలు. కట్టడం విలువ చదరపు అడుగుకు రూ. 1,200 చొప్పున 14 లక్షల 40 వేలు. వెరసి 26 లక్షల 40 వేలు. కౌన్సిల్ వంద రూపాయల విలువకు పదిహేను పైసలు, అంటే 0.15 శాతం రేటు పెట్టిందనుకుంటే పెంకుటిల్లుకు ఏడాదికి రూ. 9,450, ఫ్లాటుకు రూ. 3,960 అవుతుంది. అద్దెకు ఇస్తే ఆ ఫ్లాటుకు వచ్చే దానిలో సగమైనా పెంకుటిల్లుకు రాదు. కట్టవలసిన పన్ను మాత్రం రెండింతలకు మించి ఉంది.

అంతటితో ఆగదు. మరుసటి సవరణలో కమిటీ గజం ధరను 20 శాతం పెంచి రూ. 36,000 చేసిందనుకుందాం. కమిటీ దృష్టిలో ఆ వీధిలో అందరికీ సమానంగానే పెరిగింది. కాని పెంకుటిల్లు పన్ను రూ. 11,250కి చేరుతుంది, అంటే 19 శాతం పెరుగుదల. ఫ్లాటు పన్ను రూ. 4,320 అవుతుంది, అంటే 9 శాతం. ఒకే వీధికి ఒకే అంకె వేస్తే ఒక ఇంటి మీద పడిన భారం పక్క ఇంటి మీద పడినదానికి రెండింతలయింది. 15 శాతం పరిమితి ఈ ప్రయాణాన్ని నెమ్మది చేస్తుందే తప్ప చేరే చోటు మార్చదు.

నగరాల్లో స్థలం మీద పన్ను ఎక్కువగా, కట్టడం మీద తక్కువగా ఉండటమే మేలని వాదించే ఆర్థికవేత్తలు ఉన్నారు. ఆ వాదనలో బలం లేకపోలేదు. ఊరి నడిబొడ్డున ఎకరాలు ఖాళీగా పెట్టి ధర పెరిగేదాకా కాచుకు కూర్చునే వారిని కదిలించాలంటే స్థలం మీద పన్ను వేయవలసిందే. ఖాళీ స్థలాలకు కార్పొరేషన్లలో 0.50 శాతం, మున్సిపాలిటీల్లో 0.20 శాతం పన్ను ఉండటం నాకు సమ్మతమే. వాణిజ్య భవనాల సంగతి ఈ లేఖలో ఎత్తను, వారి వాదన వినిపించుకోవడానికి వారికి సంఘాలు ఉన్నాయి. పెన్షను మీద బతుకుతూ పుట్టిపెరిగిన ఇంట్లో కాలం గడుపుతున్న వృద్ధ దంపతులను, స్థలం దాచుకున్న వ్యాపారిని ఒకే గాటన కట్టాలన్నది ప్రభుత్వ విధానమే అయితే, ఆ మాట శాసనసభలో, కౌన్సిల్‌లో చెప్పి, తీర్మానం చేసి అమలు చేయండి. ఎవరూ నిర్ణయించకుండా, మరొక అవసరానికి తయారైన పట్టికలోంచి దానంతటదే ఊడిపడిన ఫలితంగా అది ఉండకూడదన్నదే నా అభ్యంతరం.

15 శాతం పరిమితి గురించి రెండు మాటలు. పరిమితి అన్నమాట వినడానికి చల్లగా ఉంటుంది గాని, ఏటా దాని అంచుదాకా పెంచుకుంటూ పోతే చక్రవడ్డీలాగా పనిచేస్తుంది. రూ. 2,000 పన్ను మొదటి ఏడు 2,300, రెండో ఏడు 2,645 అవుతూ ఐదో ఏడు వచ్చేసరికి రూ. 4,000 దాటుతుంది. రెండోది, పాత పన్ను ఉన్న ఇంటికే కదా ఈ పరిమితి అర్థవంతం. గత ఏడాది పన్ను అంటూ లేని కొత్త ఇంటికి దేని మీద 15 శాతం లెక్కిస్తారు? ఒకే స్థలం విస్తీర్ణం, ఒకే రకం కట్టడం ఉన్న రెండు ఇళ్లలో ఒకటి నెమ్మదిగా మెట్లెక్కుతూ ఉంటే మరొకటి మొదటి బిల్లుతోనే పై అంతస్తులో నిలబడుతుంది. సమానమైన ఆస్తులకు సమానమైన పన్ను అన్న మాటతో తెచ్చిన పద్ధతిలో ఈ అసమానత ఎన్నేళ్లు కొనసాగుతుందో నోటీసులో గాని, వెబ్‌సైటులో గాని ఎక్కడా రాసి లేదు.

విలువ ఒక పనికి కట్టినప్పుడు దాన్ని మరొక పనికి వాడవచ్చా అన్న ప్రశ్న మన నేల మీదే ఒకసారి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. భూసేకరణ పరిహారం విషయంలో ఆదిలాబాద్ రెవెన్యూ డివిజనల్ అధికారిపై నడిచిన జవాజీ నాగనాథం కేసులో, 1994లో, స్టాంపు సుంకం వసూలు కోసం నిర్వహించే బేసిక్ వాల్యుయేషన్ రిజిస్టరు ఆధారంగా పరిహారాన్ని లెక్కించడం కుదరదని కోర్టు తేల్చింది. ఆ రిజిస్టరుకు చట్టబద్ధమైన ఆధారం లేదన్నది ముఖ్య కారణాల్లో ఒకటి. ఆ తర్వాత 1998 నిబంధనలు వచ్చి పట్టికకు ఒక పద్ధతి ఏర్పడింది. కొత్త భూసేకరణ చట్టం కూడా స్టాంపుల చట్టం కింది విలువను ఒక కొలమానంగా చేర్చింది. 2020 మార్పుతో ఇంటి పన్నుకూ చట్టం తోడు వచ్చింది. కాబట్టి ఆ తీర్పు ఇక్కడ అక్షరాలా వర్తిస్తుందని నేను వాదించడం లేదు. కాని పరిహారం ఎక్కువ అడిగిన రైతుకు ఆ రిజిస్టరు చెల్లదని చెప్పిన వ్యవస్థ, పన్ను తక్కువ కట్టాలనుకునే గృహస్థుకు అదే తరహా పట్టిక తిరుగులేనిదని చెప్పడం సబబుగా లేదు.

తిరుగులేనిది అన్న మాట ఊరికే వాడలేదు. దస్తావేజు రాయించుకునే వ్యక్తికి పట్టిక విలువ ఎక్కువగా ఉందనిపిస్తే 47-ఏ కింద కలెక్టరుకు నివేదించమని కోరే దారి ఉంది. అంటే సుంకం విషయంలో ఆ పట్టిక ఆఖరి మాట కాదు, ప్రాథమిక అంచనా మాత్రమే. అదే పట్టిక మున్సిపల్ కంప్యూటరులోకి చేరగానే ఆఖరి మాట అయిపోతున్నది. ఇంటి కొలతలు తప్పంటే వింటారు. రేకుల వసారాను శ్లాబుగా నమోదు చేశారంటే, పది అర్జీల తర్వాతయినా, వార్డు కార్యదర్శి వచ్చి చూసి సరిచేస్తారు. మా సందులోకి ఆటో కూడా రాదు, మెయిన్ రోడ్డు గజం ధర మాకు వేశారు అంటే మాత్రం ‘అది మా చేతుల్లో లేదు’ అన్న జవాబు వస్తుంది. ఒక్కసారి సుంకం కట్టేవాడికి ఉన్న హక్కు ఏటా పన్ను కట్టేవాడికి లేకపోవడానికి కారణం ఏమిటో మీ రెండు శాఖల్లో ఎవరైనా వివరించాలి.

ఈ దారిలో మనకంటే ముందు నడిచిన నగరం ముంబై. అక్కడ 2010 ఏప్రిల్ నుంచి, స్టాంపు సుంకం పట్టికను ఆధారం చేసుకునే, మూలధన విలువ మీద పన్ను వేస్తున్నారు. ఆ స్థలంలో భవిష్యత్తులో ఎన్ని అంతస్తులు లేపవచ్చో ఆ అవకాశాన్ని కూడా ఇప్పటి విలువలో కలిపి లెక్కించేలా అక్కడి కార్పొరేషన్ నిబంధనలు చేసుకుంటే బొంబాయి హైకోర్టు 2019లో వాటిని కొట్టివేసింది. 2022 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. ఆస్తి నేడు ఎలా ఉందో దాని మీదే విలువ కట్టాలి గాని, రేపు ఏం కావచ్చో దాని మీద కాదన్నది ఆ తీర్పు సారాంశం. మన పట్టణాల్లో ఇంత బాహాటంగా అలాంటి నిబంధన లేకపోవచ్చు. కాని పాత పెంకుటిళ్ల వీధిలో రెండు ఇళ్లు కూల్చి అపార్ట్‌మెంటు కట్టగానే ఆ వీధి గజం ధర మొత్తం పెరుగుతుంది. బిల్డరు ఇచ్చే ధరలో ఉన్నది అక్కడ లేపబోయే ఐదు అంతస్తుల విలువే. ఆ ధర రిజిస్ట్రేషన్లలోంచి పట్టికలోకి, పట్టికలోంచి పక్కనున్న పెంకుటిల్లు బిల్లులోకి నడిచి వస్తుంది. ముంబైలో ముందు తలుపు దగ్గర ఆగినది మన దగ్గర పెరటి దారిన వస్తున్నదేమో మీ న్యాయ సలహాదారులు ఆలోచించాలి.

ఢిల్లీ మరో దారి పట్టింది. 2004లో అక్కడ యూనిట్ ఏరియా పద్ధతి తెచ్చినప్పుడు కాలనీలను ఏ నుంచి హెచ్ వరకు ఎనిమిది తరగతులుగా చేసి, ఒక్కో తరగతికి చదరపు మీటరుకు ఇంత అని విలువ ప్రకటించారు. ఆ విలువలను సిఫార్సు చేసేది పన్ను మదింపు కోసమే ఏర్పాటైన మున్సిపల్ వాల్యుయేషన్ కమిటీ. తన కాలనీ ఏ తరగతిదో తెలిసిన పౌరుడు కాగితం, పెన్సిలు తీసుకుని తన పన్ను తానే లెక్క వేసుకోగలడు. తరగతి తప్పని అనిపిస్తే ఏ అంకెతో పోట్లాడాలో కూడా అతనికి తెలుస్తుంది. ఢిల్లీ పద్ధతిలో లోపాలు లేవని కాదు, కాలనీలను కింది తరగతిలో పెట్టించడానికి రాజకీయ ఒత్తిళ్లు అక్కడా తప్పవు. కాని విలువ కట్టే బాధ్యత ఎవరిదో అక్కడ స్పష్టంగా ఉంది. మనకు కూడా ఈ ఆలోచన కొత్తది కాదు. 2010–15 కాలానికి పదమూడో ఆర్థిక సంఘం స్థానిక సంస్థలకు ప్రోత్సాహక నిధులు ఇవ్వడానికి పెట్టిన షరతుల్లో రాష్ట్ర స్థాయి ఆస్తి పన్ను బోర్డు ఒకటి. మదింపు స్వతంత్రంగా, పారదర్శకంగా జరగడానికి మున్సిపాలిటీలకు అది తోడ్పడాలన్నది ఉద్దేశం. పదిహేనో ఆర్థిక సంఘం దగ్గరకు వచ్చేసరికి షరతు కనీస రేట్ల ప్రకటన, వసూళ్ల పెరుగుదల మీదికి మళ్లింది. వసూలు ఎంత పెరిగిందని అడిగేవారు ఉన్నారు, విలువ సరిగా కట్టారా అని అడిగేవారు తగ్గారు.

నేను కోరేవాటిలో మొదటిదానికి చట్టం మార్చనక్కరలేదు. డిమాండ్ నోటీసు వెనుక వైపు ఖాళీగా ఉంటున్నది. అక్కడ స్థలం ఎన్ని గజాలుగా లెక్కించారు, గజం ధర ఎంత వేశారు, అది ఏ తేదీ పట్టికలోది, అందులో మా డోర్ నంబరు ఏ వార్డు, ఏ బ్లాకు కింద వచ్చింది, కట్టడం ఏ తరగతి, చదరపు అడుగుకు ఎంత, ఇంటి వయసు ఎంత, తరుగు ఎంత తీశారు, కౌన్సిల్ రేటు ఎంత, ఆ తీర్మానం తేదీ ఏమిటి, 15 శాతం పరిమితి లేకపోతే పూర్తి పన్ను ఎంత, ఆ మొత్తానికి ఏ సంవత్సరానికి చేరతాము అన్న వివరాలు అచ్చు వేయండి. ఇవన్నీ మీ కంప్యూటరులో ఉన్న అంకెలే, లేకపోతే చివరి మొత్తం వచ్చేది కాదు. ఏప్రిల్ 30 లోపు ఏడాది పన్ను ఒకేసారి కడితే 5 శాతం రాయితీ, ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ అని మాకు గుర్తు చేయడంలో చూపే శ్రద్ధలో నాలుగో వంతు చూపినా ఈ పని వచ్చే అర్ధ సంవత్సరం బిల్లులకే పూర్తవుతుంది.

రెండోది గజం ధర మీద అభ్యంతరం వినే చోటు. ఇంటి పన్ను కోసం ఒక ప్రాంతానికి వేసిన ధర అక్కడి వాస్తవ పరిస్థితికి సరిపోలేదని నివాసులు అర్జీ పెట్టుకుంటే, పన్ను వేసిన కమిషనరు కాకుండా మరొకరు, విలువలు కట్టడం తెలిసినవారు, సందు వెడల్పు, డ్రైనేజీ, ముంపు, రోడ్డుకు దూరం చూసి, పన్ను వరకే వర్తించేలా ఆ ధరను తగ్గించగలగాలి. రిజిస్ట్రేషన్ విలువను ముట్టుకోనక్కరలేదు. కేంద్రం షరతు అడిగింది కనీస రేట్లు మార్గదర్శక విలువలకు అనుగుణంగా ఉండాలని మాత్రమే. ప్రతి ఇంటి మదింపూ ఆ పట్టికకు కట్టేసి ఉండాలని అందులో లేదు.

అన్నిటికంటే ముఖ్యమని నేను భావించేది మూడోది. గజం ధరలు సవరించిన ప్రతిసారీ కౌన్సిల్ విధిగా సమావేశమై పన్ను రేటును మళ్లీ నిర్ణయించాలి. పట్టణం మొత్తం మీద విలువలు 20 శాతం పెరిగితే, పాత రాబడే రావడానికి రేటు ఎంతకు తగ్గించాలో కమిషనరు ముందుగా ఆ సభ ముందు పెట్టాలి. ఆ అంకెకు పైన ఎంత రేటు పెట్టినా అది పన్ను పెంపు అని ఒప్పుకుని, ఎందుకు పెంచుతున్నారో చెప్పి, పేర్లతో సహా ఓటింగు జరిపి, మినిట్స్ వార్డు సచివాలయాల్లో పెట్టాలి. ఇప్పుడు జరుగుతున్నది ఏమిటంటే, రేటు మారలేదు కాబట్టి తాము పన్ను పెంచలేదని కౌన్సిలర్లు అంటారు, విలువ మార్చాము గాని పన్నుతో మాకేం పని అని కమిటీ అంటుంది, బిల్లు మాత్రం పెరిగి వస్తుంది. చట్టం చెప్పకుండా పన్ను వేయరాదని రాజ్యాంగం 265వ అధికరణంలో ఉంది. పన్నులు వేసే అధికారాన్ని రాష్ట్ర శాసనసభ చట్టం ద్వారా పురపాలక సంస్థలకు అప్పగించవచ్చునని 243-ఎక్స్ అధికరణంలో ఉంది. పెంపుదల ఎవరి ఓటుతోనూ పని లేకుండా జరిగిపోయే ఏర్పాటు ఆ రెండింటి ఉద్దేశానికీ దగ్గరగా లేదు.

సొంత ఇంట్లో నివసించే వృద్ధుల విషయంలో, స్థలం విలువ వల్ల పెరిగిన మొత్తాన్ని వడ్డీ లేకుండా ఆస్తి మీద బాకీగా రాసుకుని, ఇల్లు అమ్మిన రోజున లేదా వారసుల పేర మ్యుటేషన్, అంటే రికార్డుల్లో పేరు మార్పు, జరిగిన రోజున వసూలు చేసుకునే వెసులుబాటు పెట్టవచ్చు. మున్సిపాలిటీకి రావలసింది ఎక్కడికీ పోదు. ఆస్తి విలువ నిజంగా చేతికి వచ్చే రోజునే పన్ను కూడా వస్తుంది.

సిబ్బంది చాలరని, ఇంటింటికీ వివరాలు అచ్చు వేస్తే అర్జీలు వెల్లువెత్తుతాయని మీ కార్యాలయాల నుంచి జవాబు రావచ్చు. మొదట్లో అర్జీలు వస్తాయి, అందులో సందేహం లేదు. వాటిలో కొన్ని పన్ను తగ్గించమని వస్తే, కొన్ని పక్క మేడకు ఇంత తక్కువ ఎందుకని వస్తాయి. రెండో రకం అర్జీల వల్ల మున్సిపాలిటీకి వచ్చే రాబడిని కూడా లెక్కలో వేసుకోవాలని మనవి. అంతస్తు మీద అంతస్తు లేపి పాత కొలతల మీదే పన్ను కడుతున్న మేడలు ప్రతి వార్డులో ఉన్నాయని మీకు తెలుసు, మాకూ తెలుసు. ఆ కొలతలు వీధిలో అందరికీ కనిపించే రోజున వాటిని దాచడం కష్టమవుతుంది.

ఈ లేఖ ప్రతులను మా మున్సిపల్ కమిషనరు గారికి, మా వార్డు కౌన్సిలరుకు అందజేస్తున్నాను. నాకు విడిగా సమాధానం రాయనక్కరలేదు. మా వార్డుకు వర్తించే గజం ధరల పట్టికను, అది అమలులోకి వచ్చిన తేదీతో సహా, వార్డు సచివాలయం నోటీసు బోర్డు మీద తెలుగులో అతికించమని ఆదేశిస్తే అదే నాకు చేరిన జవాబుగా భావిస్తాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక గృహ యజమాని, పన్ను చెల్లింపుదారు